పట్టిన చేతులే విడిచిపెట్టాయి

యూరప్‌లో వేసవి ముగిసే రోజుల్లో చెరువు ఒడ్డున దట్టంగా పెరిగిన రెల్లు పొదల మీదికి సాయంత్రం పూట వేలకొద్దీ వానకోవెలలు దిగుతాయి. రాత్రంతా ఆ కాడల మీదే కునుకు తీసి, తెల్లవారుతూనే లేచిపోతాయి. ఇలా కొన్ని వారాలు సాగాక ఒకనాటి సాయంత్రం ఇక రావు. మళ్లీ వసంతం వచ్చేదాకా వాటి జాడ ఉండదు. చూసినవాళ్లకు తెలిసింది ఇంతే: నీళ్లలోని రెల్లులోకి దిగాయి, ఆ తర్వాత లేవు. దాంతో అవి చెరువు అడుగున బురదలో చలికాలమంతా నిద్రపోతాయన్న నమ్మకం పుట్టింది. 1555లో రోమ్‌లో అచ్చయిన ఉత్తర దేశాల చరిత్రలో స్వీడన్ మతాధికారి ఓలాస్ మాగ్నస్ ఆ మాటే రాశాడు. చేపలతో పాటు వానకోవెలల్ని కూడా వలలో పైకి లాగుతున్న జాలర్ల బొమ్మ అందులో ఉంది. అంతకు పంతొమ్మిది వందల ఏళ్ల ముందే అరిస్టాటిల్, కొన్ని వానకోవెలలు చలికాలంలో ఈకలు రాలి బొరియల్లో పడి ఉంటాయని రాసిపెట్టాడు. ఇంగ్లండ్ పల్లె ప్రకృతిని ఎంతో ఓపికతో గమనించిన గిల్బర్ట్ వైట్ కూడా 18వ శతాబ్దంలో ఈ అనుమానం నుంచి పూర్తిగా బయటపడలేకపోయాడు. వీళ్లు అజాగ్రత్త మనుషులు కారు. కంటికి అందినంత మేర శ్రద్ధగానే చూశారు. కానీ ఒక వానకోవెలకీ మరో వానకోవెలకీ తేడా చెప్పడం కంటి వల్ల అయ్యే పని కాదు. నిరుడు వెళ్లినదే ఈ ఏడు వచ్చిందా, వేరేది వచ్చిందా అన్నది ఎంతసేపు చూసినా తేలదు.

ఆ చిక్కు విడాలంటే పిట్టను పట్టుకోవాలి, దానికొక గుర్తు పెట్టాలి, ప్రాణంతో వదిలేయాలి. 18వ శతాబ్దంలోనే బెర్లిన్‌లో యొహాన్ లియొనార్డ్ ఫ్రిష్ ఈ దారి పట్టాడు. నీళ్లలో కరిగిపోయే రంగు అద్దిన దారాలు వానకోవెలల కాళ్లకు కట్టాడు. అవి నిజంగా చెరువు అడుగున పడుకుంటే రంగు పోవాలి. మరుసటేడు తిరిగొచ్చిన పిట్టల కాళ్లకున్న దారాల రంగు చెక్కుచెదరలేదు. 1822లో జర్మనీలోని మెక్లెన్‌బర్గ్ ప్రాంతంలో ఒక తెల్ల స్టార్క్ కొంగ దొరికింది. దాని మెడలో ఆఫ్రికా వాళ్లు వాడే ఈటె దిగి ఉంది. ఆ గాయంతోనే అది అంత దూరం ఎగిరి వచ్చింది. రోస్టాక్ విశ్వవిద్యాలయంలో ఆ కొంగ నేటికీ భద్రంగా ఉంది. ఆఫ్రికాలో ఎవరో వేటగాడు విసిరిన ఈటె, తెలియకుండానే, వలసకు తిరుగులేని సాక్ష్యమైంది. గుర్తు పెట్టి వదిలే ఈ ఆలోచన నుంచి పెరిగిన, పక్షుల కాళ్లకు రింగులు వేసే శాస్త్రాన్ని మామూలుగా మాస్టర్లూ డాక్టర్లూ మ్యూజియం పండితులూ నిర్మించిన శాస్త్రంగా చెబుతారు. వాళ్ల పాత్రను తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఈ శాస్త్రం వాడిన వలలు, బోనులు, మడుగులు, చివరికి పిట్టను నలగకుండా పట్టే ఒడుపు కూడా తిండి కోసం, సంత కోసం పిట్టలు పట్టినవాళ్ల దగ్గర నుంచే వచ్చాయి. రింగింగ్ చరిత్రంటే వేటగాళ్ల విద్యలో చివరి అడుగు ఒక్కటి మారిన చరిత్ర. పట్టడం దాకా వాళ్లదే, మెడ విరిచే చోట వదిలేయడం కొత్తది. ఆ బాకీని మనం ఇప్పటికీ సరిగ్గా ఒప్పుకోలేదు.

నేటి పద్ధతికి మొదలు డెన్మార్క్‌లో ఉంది. వీబోర్గ్ పట్టణంలో బడి పంతులుగా పనిచేసిన హాన్స్ క్రిస్టియన్ కొర్నేలియస్ మార్టెన్సెన్ 1890లో గోరింకల కుటుంబానికి చెందిన స్టార్లింగ్ పిట్టలకు జింకు రింగులు వేసి చూశాడు. అవి బరువెక్కువై పనికిరాలేదు. 1899లో అల్యూమినియం రింగులు చేయించి, ఒక్కోదాని మీద వేరే అంకె, తిరిగి తెలియజేయాల్సిన చిరునామా చెక్కించి, 165 స్టార్లింగులను వదిలాడు. ఆ అంకెతో ప్రతి పిట్టా ఒక విడి ప్రాణిగా లెక్కలోకి వచ్చింది. ఆ చిరునామాతో ముక్కూ మొహం తెలియని దూరదేశపు మనిషి కూడా ఈ పనిలో భాగస్థుడయ్యాడు. బ్రిటన్‌లో హ్యారీ విథర్బీ 1909లో తన పత్రిక తరఫున ఇలాంటి ఏర్పాటే మొదలుపెట్టాడు. 1911 మే నెలలో స్టాఫర్డ్‌షైర్‌లోని చీడిల్‌లో జాన్ మేస్‌ఫీల్డ్ అనే న్యాయవాది తన ఇంటి దగ్గర గూడు కట్టిన వానకోవెలకు బి 830 అంకె గల రింగు వేశాడు. 1912 డిసెంబరు 23న దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో ఒక పొలం ఇంట్లోకి ఎగిరొచ్చిన పిట్ట కాలికి అదే రింగు కనిపించింది. అక్కడి మనిషి రింగు మీది చిరునామాకు ఉత్తరం రాశాడు. అరిస్టాటిల్ నాటి నుంచి నలుగుతున్న ప్రశ్నకు జవాబు ఆ ఉత్తరంలో వచ్చింది. రింగు వేసినవాడు న్యాయవాది, చూసినవాడు రైతు ఇంటి మనిషి. ఇద్దరిలో ఎవరూ వృత్తిరీత్యా పక్షి శాస్త్రవేత్త కాదు.

గూట్లోని పిల్లలకు రింగు వేయడం తేలిక. ఎగిరే పిట్టల్ని వందల్లో పట్టడం ఎలాగో మాత్రం పంతుళ్లకు తెలియదు, అది తెలిసినవాళ్లు వేరే ఉన్నారు. బాల్టిక్ తీరంలో ఇసుక దిబ్బల మీద సాగే కురోనియన్ భూభాగంలో యొహానెస్ థీనెమన్ 1901లో రోసిటెన్ అనే ఊళ్లో ప్రపంచంలోనే తొలి పక్షి పరిశోధన కేంద్రం నెలకొల్పాడు. ఆ ఊరి పేదలు వలస వచ్చే బూడిద రంగు కాకుల్ని వలలతో పట్టి, మెడ దగ్గర కొరికి చంపి, చలికాలం తిండికి ఉప్పులో ఊరబెట్టుకునేవాళ్లు. 1903లో రింగులు వేయడం మొదలుపెట్టినప్పుడు థీనెమన్‌కు చేతికందిన పక్షులు ఆ కాకులే. ఉత్తర సముద్రంలోని హెల్గోలాండ్ దీవి వాళ్లు చెట్లు లేని ఆ నేల మీద కావాలని కొమ్మల పొదలు నిలబెట్టి, అలసి వచ్చిన పిట్టలు అందులో దూరగానే వలలోకి తోలి వంటకు పట్టేవారు. హ్యూగో వైగోల్డ్ 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఆ ఉపాయాన్నే పెంచి, లోపలికి పోయేకొద్దీ ఇరుకయ్యే పెద్ద జల్లెడ బోనుగా మార్చాడు. ఇవాళ ప్రపంచమంతా ఆ బోనును హెల్గోలాండ్ ట్రాప్ అనే పిలుస్తుంది. నెదర్లాండ్స్‌లో బాతులు పట్టే మడుగులు శతాబ్దాల నాటివి. మడుగు నుంచి వంపు తిరిగిన కాలువలు తవ్వి, పైన వల కప్పి, అంచున తడికెలు నిలబెట్టి, వాటి మధ్య కుక్కను కనిపించేటట్టూ మాయమయ్యేటట్టూ నడిపిస్తే, బాతులు ఆ వింతను వెంబడిస్తూ కాలువ కొస దాకా వస్తాయి. మార్టెన్సెన్ కూడా డెన్మార్క్‌లోని ఫానో దీవిలో ఇలాంటి మడుగుల్లో పట్టిన బాతులకు రింగులు వేశాడు. తర్వాతి కాలంలో ఇంగ్లండ్‌లో ఈ మడుగులు కొన్ని మార్కెట్‌కు బాతులు పంపడం మాని పూర్తిగా రింగింగ్‌కే పనిచేశాయి.

ఇక రెల్లు పొదల్లోకి శాస్త్రాన్ని తీసుకెళ్లినది జపాన్ వల. కంటికి ఆనని సన్నటి దారంతో అల్లిన ఈ పొగమంచు వలలు అక్కడ శతాబ్దాలుగా కొండ వాలుల్లో తిండి పిట్టల కోసం కట్టేవి. పక్కన పంజరాల్లో దీమం పిట్టల్ని ఉంచి కూయించేవారు. నిలువు గుంజల మధ్య వదులుగా కట్టిన ఆ వలలో అడ్డంగా కొన్ని బిగుతు తాళ్లు ఉంటాయి. ఎగురుతూ వచ్చి తగిలిన పిట్ట ఆ తాడు కింద వేలాడే వల సంచిలోకి జారి, దెబ్బ తగలకుండా కూర్చుంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా ఆక్రమణ అధికార యంత్రాంగంలో వన్యప్రాణి విభాగం చూసిన ఆలివర్ ఆస్టిన్ 1947లో ఈ వలల మీద సవివరమైన నివేదిక రాశాడు. ఆ దేశంలో ఇష్టమొచ్చినట్టు వాటిని వాడటాన్ని కట్టడి చేసినదీ, పాశ్చాత్య పక్షి శాస్త్రానికి వాటిని పరిచయం చేసినదీ దాదాపు ఒకే కాలంలో, ఒకే యంత్రాంగం చేతుల మీదుగా జరిగాయి. బ్రిటన్‌లో ఈ వల 1956లో మొదలైంది. అంతకుముందు రెల్లులో దాక్కుని తిరిగే చిన్న వార్బ్లర్లు శాస్త్రానికి గొంతులుగా తప్ప ఒంటితో దొరికింది చాలా తక్కువ. రెల్లులో సన్నటి దారి కోసి వల కట్టగానే ఆ లోకం తెరుచుకుంది. ఈ వల గుణం తెలిసినవాళ్లు దాన్ని కనిపెట్టిన కొండ పల్లెల వేటగాళ్లే. గాలి ఎటు ఉంటే ఎటు కట్టాలి, పొద్దు ఎంత ఎక్కాక వల పిట్టకు కనబడిపోతుంది, వదులు ఎంత ఉండాలి అన్నవన్నీ వాళ్ల నుంచి వచ్చిన పాఠాలే.

మన దేశంలో ఈ కథ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1920ల చివర్లోనే ధార్ మహారాజు సాయంతో బాతులకు రింగులు వేయించింది. పెద్ద ఎత్తున పని మొదలైంది మాత్రం 1959 తర్వాత, సలీం అలీ నాయకత్వంలో. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి అందుకు కేంద్రమైంది. అదే భరత్‌పూర్‌లో 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో గౌరవార్థం జరిగిన వేటలో ఒక్క రోజులో 4,273 పక్షుల్ని కాల్చారు. తుపాకీతో చంపడం తెలిసిన దొరలు ఎందరో ఉన్నారు. ప్రాణంతో పట్టడం తెలిసినవాళ్లు బిహార్‌లోని మీర్ షికారులు. తరతరాలుగా పిట్టలు పట్టి బతికిన పేద ముస్లిం కుటుంబాలు వాళ్లవి. మొఘల్ దర్బారుల్లో వేట వ్యవహారాలు చూసే అధికారి హోదా పేరే వాళ్ల కులానికి మిగిలింది, వాళ్ల గుడిసెల్లోకి ఆ హోదా ఏదీ రాలేదు. సొసైటీ వాళ్లను రింగింగ్ శిబిరాలకు పిలిపించుకుంది. వాళ్లలో అలీ హుస్సేన్ పేరు దేశంలోని పక్షి పరిశోధకులందరికీ తెలిసినదే. భరత్‌పూర్‌లో రింగు వేసుకున్న బాతుల సమాచారం కజకిస్తాన్ నుంచి, సైబీరియా నుంచి ఉత్తరాల్లో వచ్చింది. చాలావరకు ఆ ఉత్తరాల వెనక ఉన్నదీ అక్కడి వేటగాళ్లే. ఒక మీర్ షికారు పట్టి వదిలిన బాతును ఒక సైబీరియా వేటగాడు కాల్చి, కాలికున్న రింగు చూసి రాయించాడు. మధ్యలో శాస్త్రం చేసింది ఆ రెండు సమాచారాల్నీ ఒకచోట చేర్చడం.

ఈ విద్యలో ఏముందో కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని కేవలం చేతివాటంగా కొట్టిపారేసే అలవాటు చదువుకున్నవాళ్లకు ఉంది. ఉచ్చు ఎక్కడ పెట్టాలో తెలియాలంటే ఆ పక్షి ఏ వేళ ఏ లోతు నీటిలో మేస్తుందో తెలియాలి. ఆకుల తెర చాటున నడిచి దగ్గరికి చేరాలంటే అది ఎంత దూరం నుంచి బెదురుతుందో, బెదిరితే ఏ పక్కకు లేస్తుందో తెలియాలి. కూత అనుకరించి రప్పించాలంటే జత కోసం కూసే కూతా ప్రమాదం చెప్పే కూతా విడివిడిగా గొంతులోకి రావాలి. గుర్రపు వెంట్రుకల ఉచ్చుకు ఎంత బిగువు ఉండాలన్నది పక్షి కాలి మందాన్ని బట్టి ఉంటుంది. పైగా సంతలో ప్రాణంతో అమ్మే పిట్టకే ధర కాబట్టి రెక్క విరక్కుండా పట్టడం వాళ్లకు బతుకుతెరువు. ఇవన్నీ పక్షి నడవడిక మీద పరిశీలనలు. పుస్తకంలో రాస్తే వాటిని శాస్త్రమంటాం. రాత రానివాడి తలలో ఉన్నంత మాత్రాన అవి మరొకటి అయిపోవు. మన తెలుగు నేల మీద కూడా పిట్టలోళ్లని పిలిచే సంచార కుటుంబాలకు ఇలాంటి తెలివిడి ఉంది. వలసపాలన 1871 నుంచి నేరస్థ జాతుల చట్టాల కింద ఇలాంటి సంచార వేట కులాలను ఎన్నింటినో పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసింది. స్వతంత్ర దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తర్వాతి సవరణలు వాళ్ల వృత్తినే నేరంగా మార్చాయి. చట్టం అవసరమే. కానీ వృత్తి పోయినప్పుడు దానిలోని విద్యను ఎవరు నిలబెడతారన్న ఆలోచన అప్పుడు జరగలేదు. ఆ విద్యకు గౌరవంగా చోటిచ్చిన కొద్ది చోట్లలో రింగింగ్ శిబిరం ఒకటి.

ఇక్కడ మొదటి అభ్యంతరం సహజంగానే వస్తుంది. లక్షల పిట్టల్ని చంపి అమ్మినవాళ్లను ఇలా ఎత్తిపట్టడం న్యాయమా? పిట్టల వ్యాపారం చేసిన హాని నిజం. దాన్ని ఏ మాటలతోనూ కప్పకూడదు. 2012లో నాగాలాండ్‌లో దోయాంగ్ జలాశయం దగ్గర అముర్ డేగల్ని వలలతో పట్టి చంపుతున్న దృశ్యాలు బయటికొచ్చినప్పుడు ఒక్క వలస కాలంలోనే లక్షకు పైగా పోతున్నాయని అంచనా వేశారు. అయితే ఆ మరుసటేడే ఏం జరిగిందో కూడా చూడాలి. చర్చి పెద్దలు, ఊరి పెద్దలు, అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు కలిసి వేటను ఆపించారు. 2013 నవంబరులో శాస్త్రవేత్తలు మూడు డేగలకు ఉపగ్రహ ట్యాగులు కట్టి నాగా, పాంగ్తి, వోఖా అని పేర్లు పెట్టారు. వాటిని పట్టడంలో తోడ్పడిన చేతులు, నిన్నటిదాకా చంపడానికి పట్టిన చేతులే. అవి బంగాళాఖాతం దాటి తెలుగు నేల మీదుగా, ఆ తర్వాత అరేబియా సముద్రం దాటి సోమాలియా చేరడం ఆ ఊళ్లవాళ్లు ఆసక్తిగా గమనించారు. ఊరి పేరు మోసుకెళ్తున్న డేగ ఎక్కడుందో తెలుసుకోవాలన్న ఆరాటం, చట్టం భయం కంటే ఎక్కువ కాలం నిలిచింది. వ్యాపారం వేరు, విద్య వేరు. మొదటిదాన్ని ఆపినంత మాత్రాన రెండోదాన్ని పారేయనక్కర్లేదని ఆ జలాశయం పక్కనున్న పాంగ్తి ఊరు నిరూపించింది.

తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ కలివి కోడి. 1848లో ప్రకృతి శాస్త్రవేత్త జెర్డాన్ గుర్తించిన ఈ పక్షి 1900లో అనంతపురం ప్రాంతంలో కనబడిన తర్వాత మళ్లీ ఎవరి లెక్కలోకీ రాలేదు. అంతరించిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లా పల్లెల్లో పక్షి బొమ్మలు చూపిస్తూ తిరిగితే, శ్రీలంకమల్ల కొండల కింది రెడ్డిపల్లె ప్రాంతపు వేటగాళ్లు అది తమకు తెలిసిన పిట్టేనన్నారు. 1986 జనవరిలో ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని ప్రాణంతో పట్టి తెచ్చాడు. ఎనభై ఆరేళ్లు శాస్త్రానికి లేని పక్షి ఆ ఊరివాళ్లకు ఎప్పుడూ ఉంది. పగలు పొదల్లో నక్కి రాత్రి తిరిగే పిట్టను పగటి పూట వెతికిన పండితులకు దొరక్కపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ తొలి పక్షి చివరికి బతకలేదన్నదీ చరిత్రలో భాగమే. పట్టడం తెలిసినా బతికించి వదిలే క్రమశిక్షణ, పనిముట్లు, తోడు నిలిచే వ్యవస్థ అక్కడ ఇంకా లేవు. వేటగాడి విద్య ఒక్కటే చాలదు, పుస్తకం ఒక్కటే చాలదు. రింగింగ్ వాటిని కలపడం నేర్పింది కనుకే దాని చరిత్ర మనకు అవసరం.

ఆ కలయిక ఎలా పనిచేస్తుందో రెల్లు పొదల్లో ఒక ఉదయం జరిగే పనిని చూస్తే తెలుస్తుంది. చీకటి ఉండగానే వలలు విప్పుతారు, ఎందుకంటే పొద్దు పొడిచాక తొలి రెండు మూడు గంటల్లోనే పిట్టలు ఎక్కువ కదులుతాయి, గాలీ తక్కువ. అరగంట దాటకుండా వలల వెంట తిరుగుతారు. పిట్ట ఏ వైపు నుంచి వలలో పడిందో చూసి, ముందు కాళ్లు, తర్వాత రెక్కలు విడిపించి, గుడ్డ సంచిలో వేసి తెస్తారు. చీకటిగా ఉన్న సంచిలో పిట్ట సద్దుమణుగుతుంది. మెడను రెండు వేళ్ల మధ్య ఆనించి, వీపును అరచేతికి ఆనించి పట్టుకుంటారు. కాలి కొలతకు తగిన రింగు వేసి, అంకె చదివి రాస్తారు. రెక్క పొడవు కొలుస్తారు, ఈకల అరుగుదల బట్టి ఈ ఏటి పిల్లా ముదురు పిట్టా తేలుస్తారు, తూకం వేస్తారు. గొంతు కింది గుంట మీద ఈకల్ని ఊది, పల్చటి చర్మం కింద కొవ్వు ఎంత పసుపుగా నిండిందో చూస్తారు. వలసకు పిట్ట ఎంత సిద్ధంగా ఉందో చెప్పేది ఆ కొవ్వే. పది గ్రాములుండే సెడ్జ్ వార్బ్లర్ దక్షిణ ఇంగ్లండ్, పశ్చిమ ఫ్రాన్స్ రెల్లు పొదల్లో అక్కడి పేనుబంకను మేసి దాదాపు రెట్టింపు బరువెక్కి, ఆగకుండా సహారా దాటగలదని ఇలాంటి తూకాలే చెప్పాయి. అదే పొదల్లో పక్కనే ఉండే రీడ్ వార్బ్లర్ ఈగలూ దోమలూ తింటూ, అంచెలంచెలుగా దక్షిణానికి దిగుతుంది. ఒకే రెల్లు, రెండు వేరు ప్రయాణ పద్ధతులు. పశ్చిమాఫ్రికా సాహెల్ ప్రాంతంలో వానలు తగ్గిన ఏడు సెడ్జ్ వార్బ్లర్లు ఎక్కువ చచ్చిపోతున్నాయని కూడా ఏటేటా తిరిగి పట్టుబడ్డ రింగు పిట్టల లెక్కలోనే తేలింది. దూరపు కరవు ఒక ఇంగ్లిష్ చెరువు గట్టున అంకెల్లో కనబడింది.

చేతిలో పట్టి చూడటం ఎందుకు తప్పదో చెప్పడానికి ఇంకా బలమైన సాక్ష్యం 2006 మార్చి 27 ఉదయం దొరికింది. థాయిలాండ్‌లోని లేమ్ ఫాక్ బియా అనే చోట మురుగునీటి శుద్ధి చెరువుల దగ్గర ఫిలిప్ రౌండ్ రింగులు వేస్తుండగా, ముక్కు పొడవుగా, రెక్క పొట్టిగా ఉన్న ఒక వార్బ్లర్ వలలో పడింది. మామూలు కంటికి అది ఆ ప్రాంతంలో తిరిగే ఎన్నో గోధుమ రంగు రెల్లుపిట్టల్లో ఒకటి. ఆ కొలతలతో ప్రపంచంలో అప్పటికి తెలిసిన నమూనా ఒక్కటే ఉంది. 1867లో ఏఓ హ్యూమ్ సట్లెజ్ లోయలో సేకరించిన చర్మం అది. భారత జాతీయ కాంగ్రెస్ స్థాపనలో ముందున్నవాడిగా మనకు తెలిసిన హ్యూమే ఆయన. ఒకే ఒక చర్మం కావడంతో అది అసలు వేరే జాతేనా, లేక వింతగా పెరిగిన మామూలు పిట్టా అన్న వాదన 130 ఏళ్లకు పైగా సాగింది. రౌండ్ రెండు ఈకలు తీసుకుని, ఫోటోలు తీసి, రింగు వేసి వదిలేశాడు. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో స్టఫాన్ బెన్ష్ ఆ ఈకల డీఎన్‌ఏను హ్యూమ్ నమూనాతో పోల్చి రెండూ ఒకటేనని తేల్చాడు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియం సొరుగుల్లో, 1869లో మన దేశంలోనే సేకరించి వేరే పేరుతో పెట్టేసిన మరో చర్మం బయటపడింది. కొద్ది ఏళ్లలోనే అఫ్గానిస్తాన్ ఈశాన్య కొసన వాఖాన్ ప్రాంతంలో వాటి సంతాన స్థావరం కనిపించింది. హ్యూమ్ కాలంలో ఒక జాతిని నిరూపించాలంటే పిట్ట చావాలి. 2006లో రెండు ఈకలు చాలాయి, పిట్ట ఎగిరిపోయింది. శాస్త్రం ఈ మధ్యకాలంలో నేర్చుకున్న సంస్కారం అంతా ఆ తేడాలో ఉంది.

అయినా పిట్టను పట్టి బాధపెట్టే హక్కు మనకెక్కడిదని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నను తోసిపుచ్చకూడదు. వలలో పడ్డ పిట్ట గుండె అదురుతుంది, కొన్ని గాయపడతాయి, అరుదుగా చస్తాయి. అమెరికాలోని రింగింగ్ కేంద్రాల రికార్డులు పరిశీలించి 2012లో ప్రచురించిన ఒక అధ్యయనం గాయాలు వెయ్యికి ఆరు, మరణాలు వెయ్యికి రెండు మూడు అని లెక్కగట్టింది. అది సున్నా కాదు కనుకే లైసెన్సులు, శిక్షణ, వాన పడితే వలలు మూసేయాలన్న కట్టుబాటు ఉన్నాయి. అందుకు బదులుగా దొరికేది రెల్లు పొదను పూడ్చి రొయ్యల చెరువు చేయడం వల్ల ఎన్ని పిట్టలు ఎక్కడ దిక్కులేనివవుతాయో చెప్పగల సాక్ష్యం. ఆ సాక్ష్యం లేకపోతే అంతకు వేల రెట్లు పిట్టలు అడిగేవాళ్లు లేకుండా పోతాయి. ఉపగ్రహాలు వచ్చాక ఇంకా రింగులెందుకన్నది మరో వాదన. అముర్ డేగలకు, తల మీద నల్లచారలతో హిమాలయాలు దాటే పెద్దబాతులకు ఉపగ్రహ ట్యాగులు అద్భుతమైన దారిపటాలు ఇచ్చాయి. కానీ ట్యాగు బరువు పక్షి బరువులో నూటికి మూడు నుంచి ఐదు పాళ్లు దాటకూడదు. పది గ్రాముల వార్బ్లర్ మోయగలిగింది అర గ్రాము లోపే. పైగా ట్యాగు కట్టాలన్నా ముందు పట్టాలి. ఎన్నేళ్లు బతుకుతుందో చెప్పడంలో రింగుకు సాటి లేదు. మిడ్‌వే దీవిలో 1956లో రింగు వేసిన విజ్‌డమ్ అనే ఆల్బట్రాస్ 2024లో కూడా గుడ్డు పెట్టింది. దానికి రింగు వేసిన చాండ్లర్ రాబిన్స్ దానికంటే ముందే కన్నుమూశాడు. ఏ బ్యాటరీ అంతకాలం మాట్లాడదు.

చివరి అభ్యంతరం శాస్త్రం లోపలిది. చిన్న పిట్టల రింగుల్లో నూటికి ఒకటి కూడా కబురు తేదు. వచ్చేవి కూడా జనం, వేట, చదువు ఉన్న చోట్ల నుంచే వస్తాయి కనుక, రింగు పటంలో చుక్కలు పక్షులున్న చోట్ల కంటే మనుషులున్న చోట్లే ఎక్కువ చూపిస్తాయి. ఇది నిజమైన లోపం. ఒకే పొదలో ఏటేటా ఒకే పద్ధతిలో వలలు కట్టి, తమ పిట్టలనే తాము తిరిగి పట్టడం దీనికి ఒక మందు. రెండోది జనాన్ని కలుపుకోవడం. ఈ పనికి జనం నమ్మకం ఎంత ముఖ్యమో మన చరిత్రే చెప్పింది. 1957లో షిమోగా అడవుల్లో బయటపడ్డ క్యాసనూరు జ్వరానికి వైరస్‌ను సైబీరియా నుంచి పక్షులు తెచ్చాయేమోనన్న అనుమానంతోనే 1959 నాటి రింగింగ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బిచ్చింది. 1960లలో అమెరికా సైన్యం నిధులతో ఇలియట్ మెక్లూర్ నడిపిన ఆసియా వ్యాప్త పథకం పది లక్షలకు పైగా పక్షులకు రింగులు వేసింది. మన రింగింగ్‌లో ఆ డబ్బూ కలిసింది. 1970లలో ఇది జీవాయుధాల పరిశోధనేమోనని పత్రికలు, పార్లమెంటు ప్రజాపద్దుల కమిటీ నిలదీశాయి. ఆ ప్రశ్న అడగాల్సిందే. కానీ అలాంటి అనుమానాలు ఎక్కువగా కమ్ముకునేది నగరాల్లో కాగితాల మీద మాత్రమే నడిచే పనికి. శిబిరంలో వల కట్టినది ఊరి మనిషై, రింగు కబురు రాసినది రైతై, ఫలితం వాళ్ల భాషలో తిరిగి వాళ్లకే చేరితే దాచడానికి ఏమీ మిగలదు.

కొల్లేరు కిక్కిస పొదలకు, పులికాట్ ఒడ్డుకు, నేలపట్టు చెరువుకు ఏటా వచ్చే వలస పక్షుల కోసం మనం చేయగలిగింది ఈ చరిత్రలోనే ఉంది. రింగు ఉన్న పక్షి దొరికితే అంకె రాసి పంపే అలవాటు జాలర్లలో, బడిపిల్లల్లో పెరగాలి. దానికి రింగు మీది ఇంగ్లిష్ అక్షరాలకు తోడు తెలుగులో పోస్టర్లు, తెలుగులో జవాబులు కావాలి. ఇంకా ముఖ్యంగా, వల పట్టడం తెలిసిన చివరి తరం వృద్ధులు మన ఊళ్లలో ఉండగానే వాళ్లను నేరస్థులుగా కాక గురువులుగా శిబిరాలకు పిలవాలి, కూలి కాక జీతం ఇవ్వాలి. రింగింగ్ రిజిస్టర్లలో రింగు అంకెకు, కొలతలకు, రింగు వేసినవారి పేరుకు గడులున్నాయి. పక్షిని పట్టినవారి పేరుకు మాత్రం చాలా చోట్ల గడి లేదు. అల్యూమినియం రింగు మీద రెండు పేర్లకు చోటు లేకపోవచ్చు, రిజిస్టరులో ఆ చోటు ఉంది. ఒక గీత అదనంగా గీసి ఆ పేరు రాయడం మొదలుపెడితే, శతాబ్దానికి పైగా ఈ శాస్త్రాన్ని మోసిన చేతులకు మనం చెల్లించాల్సిన బాకీలో మొదటి వాయిదా తీరుతుంది.